‘సంచి’ అని పేరు పెట్టిందెవరు?

గర్భసంచి అనే మాటను ఒకసారి నిదానంగా పలికి చూడండి. సంచి అంటే బియ్యం పోసుకునేది, కూరగాయలు తెచ్చుకునేది, పనయ్యాక మడిచి మూలన పడేసేది. స్త్రీ శరీరంలోని ఒక అవయవానికి తెలుగువాళ్ళ నోట నిత్యం నలిగే పేరు ఇది. ఊపిరితిత్తిలోని తిత్తి కూడా ఒక రకం సంచే కదా అని భాషా పండితులు అడగవచ్చు. నిజమే. కానీ ఊపిరితిత్తి పని ఊపిరి ఉన్నంతకాలం. దాన్ని ఎవరూ ‘ఇక దీంతో పనేముంది’ అనరు. గర్భసంచి పని మాత్రం ఇద్దరు పిల్లలతో సరి అన్న తీర్మానం ఆ పేరులోనే ఉంది. గర్భం మోయడానికి ఇచ్చిన సంచి కాబట్టి, మోత అయిపోతే సంచితో అవసరం లేదు.

పోనీ, చదువుకున్నవాళ్ళు వాడే మాట గర్భాశయం. గర్భానికి ఆశయం, అంటే ఉండే చోటు. సంస్కృతంలో చెప్పినందువల్ల వినడానికి మర్యాదగా ఉంది గానీ అర్థంలో తేడా ఏమీ లేదు. సంచి స్థానంలో సత్రం వచ్చింది, అంతే. పాఠ్యపుస్తకాల్లో, పదకోశాల్లో ‘పిండం పెరిగే అవయవం’ అన్న నిర్వచనం దగ్గరే ఆగిపోతాం. ఆ అవయవం ఎవరి ఒంట్లో ఉందో, చుట్టూ ఏమేం ఉన్నాయో, దాన్ని తీసేస్తే మిగిలిన ఒంటికి ఏమవుతుందో ఆ నిర్వచనంలోకి రాదు. స్త్రీ రాదు, పిండం వస్తుంది.

నిర్వచనాలు తటస్థమైనవనీ, అవి శాస్త్రానికి సంబంధించినవనీ, సాహిత్యం చదువుకున్నవాళ్ళకు వాటితో పని లేదనీ మన విశ్వవిద్యాలయాల్లో ఒక నమ్మకం ఉంది. సాహిత్యంలో డాక్టరేటు చేసిన నేను ఈ నమ్మకాన్ని ఒప్పుకోను. వైద్యంలో నిర్వచనం అంటే చికిత్సలో మొదటి సగం. ఒక అవయవాన్ని ‘సంచి’ అని నిర్వచించిన తర్వాత, దాన్ని తీసేయడానికి పెద్దగా వాదించాల్సిన పని ఉండదు. ఆ వాదన ఆ పేరు ఎప్పుడో చేసిపెట్టింది.

అంకెలు చూద్దాం. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ లోపు స్త్రీలలో గర్భాశయం తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. తెలంగాణలో 7.7 శాతం. దేశం మొత్తంలో ఈ ఆపరేషన్లలో దాదాపు మూడింట రెండు వంతులు ప్రైవేటు ఆసుపత్రుల్లో జరిగాయి. యాభై దాటినవాళ్ళు ఈ లెక్కలో లేరు. ఇదంతా నలభై తొమ్మిదేళ్ళలోపు కథ.

ఈ ఆపరేషనే వద్దని నేను అనడం లేదు. క్యాన్సర్ ఉంటుంది, మందులకు లొంగని రక్తస్రావం ఉంటుంది, పెద్ద గడ్డలుంటాయి, గర్భసంచి బయటికి జారి నడవలేని స్థితి ఉంటుంది. అలాంటప్పుడు ఈ ఆపరేషన్ ప్రాణం నిలబెడుతుంది, బతుకును భరించగలిగేలా చేస్తుంది. కానీ దేశ సగటుకు రెండు రెట్లకు పైగా మన రెండు రాష్ట్రాల స్త్రీల గర్భసంచులే చెడిపోయాయంటే నమ్మేదెవరు? చెడింది గర్భసంచులు కాదు, వాటి గురించి చెప్పే మాటలు. ఆ మాటల వెనక ఉన్న వ్యాపారం.

ఆ మాటల్లో మొదటిది ‘పుండు’. గర్భాశయ ముఖద్వారం లోపలి పొర కొంత బయటికి కనిపిస్తూ ఎర్రగా ఉంటే దాన్ని ఇంగ్లీషు వైద్యులు చాలాకాలం ‘సర్వైకల్ ఎరోజన్’ అన్నారు. ఎరోజన్ అంటే కోత, ఒరుసుకుపోవడం. అయితే అక్కడ ఏదీ ఒరుసుకుపోదు. వయసులో ఉన్న స్త్రీలలో, గర్భవతుల్లో, గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్ళలో మామూలుగా కనిపించే మార్పు అది. అందుకే వైద్యశాస్త్రమే ఆ పేరు తప్పని ఒప్పుకుని ‘ఎక్ట్రోపియన్’ అనే మాటకు మారింది. ఇంగ్లీషులో పేరు మారింది గానీ తెలుగులో మారలేదు. ‘గర్భసంచి మూతికి పుండు పడిందమ్మా’ అన్న మాట ఊళ్ళల్లో ఇంకా తిరుగుతూనే ఉంది. పుండు మానకపోతే ఏమవుతుందో మన ఆడవాళ్ళకు ఒకరు చెప్పక్కర్లేదు. క్యాన్సర్ అన్న మాట డాక్టరు నోటి నుంచి రాకముందే రోగి మనసులోకి వచ్చేస్తుంది.

రెండోది ‘వాపు’. స్కానింగు కాగితం మీద ‘బల్కీ యుటెరస్’ అని రాస్తారు. కొంచెం పెద్దదిగా ఉంది అని దాని అర్థం. పిల్లల్ని కన్నవాళ్ళలో అది కాస్త పెద్దదిగా ఉండడం సహజం. తెలుగులోకి వచ్చేసరికి అది ‘గర్భసంచి వాచింది’ అవుతుంది. మూడోది ‘తెల్లబట్ట’. నెలలో కొన్ని రోజులు సహజంగా అయ్యే తెలుపుకీ, మాత్రలతో తగ్గే ఇన్ఫెక్షన్‌కీ, నిజంగా అనుమానించాల్సిన స్రావానికీ తెలుగులో ఒకటే పేరు. ఈ మూడింటి మధ్య తేడా చెప్పడానికి అయిదు నిమిషాలు పడుతుంది. చెప్పకపోతే ఒక ఆపరేషన్ దొరుకుతుంది.

మా అమ్మకు ఈ ఆపరేషన్ 2006లో అయింది. ఆమెకప్పుడు ముప్ఫై ఆరేళ్ళు. నేను ఇంటర్ చదువుతున్నాను. ప్రకాశం జిల్లాలో మా ఊరికి దగ్గరి టౌనులో ఒక నర్సింగ్ హోమ్. నడుంనొప్పి, తెల్లబట్ట అని వెళ్ళింది. పుండన్నారు, వాపన్నారు, ‘పిల్లలు పెద్దవాళ్ళయ్యారుగా, ఉంచుకుని ఏం చేస్తారు’ అన్నారు. ‘మీరెట్లా అంటే అట్లాగే డాక్టరుగారూ’ అని నాన్న సంతకం పెట్టాడు. రెండెకరాల మీద అప్పు తెచ్చి కట్టారు. ఆపరేషన్ అయిన ఆరు నెలల నుంచీ అమ్మకు ఒంట్లో ఆవిర్లు, అర్ధరాత్రి చెమటలు, నిద్ర లేకపోవడం. ‘నీరసం’ అని బలం మందులు రాసేవాళ్ళు. నలభై తొమ్మిదో ఏట బాత్‌రూములో జారితే మణికట్టు విరిగింది. ఎముకలు డెబ్భై ఏళ్ళ ముసలామెవిలా ఉన్నాయన్నారు. అప్పుడు పాత ఫైలు తీసి చూశాను. డిశ్చార్జి కాగితంలో ‘టి.ఎ.హెచ్. విత్ బి.ఎస్.ఓ.’ అని ఉంది. ఆ పొడి అక్షరాలకు అర్థం గర్భాశయంతోపాటు రెండు అండాశయాలూ, రెండు ఫాలోపియన్ నాళాలూ తీసేశారని. క్యాన్సర్ గురించి గానీ, అండాశయాల్లో ఏదైనా జబ్బు గురించి గానీ ఆ ఫైలులో ఒక్క ముక్క లేదు.

అమ్మకు చెప్పాను. ‘అవి కూడా ఉంటాయా లోపల? సంచి ఒక్కటే అనుకున్నాను’ అంది.

పదమూడేళ్ళు ఆమె తనకు జరిగిన దాన్ని ‘ఆపరేషన్’ అనే చెప్పుకుంది. మన దగ్గర పిల్లలు పుట్టకుండా చేసేదీ ఆపరేషనే, కడుపు కోసి బిడ్డను తీసేదీ ఆపరేషనే, గర్భసంచి తీసేదీ ఆపరేషనే. ‘నాకు ఆపరేషన్ అయింది’ అని ఒక స్త్రీ చెబితే ఏది అయిందో మళ్ళీ అడగాలి. అడిగినా అండాశయాలు ఉన్నాయో పోయాయో ఆమె చెప్పలేదు. ఎందుకంటే అండాశయానికి మన ఇళ్ళల్లో పేరు లేదు. నిఘంటువులో ఉంది, జంతుశాస్త్రం పుస్తకంలో ఉంది, ఆమె నోట్లో లేదు. పేరు లేని అవయవం పోతే, పోయిందని కూడా తెలియదు. నలభై అయిదేళ్ళకు ముందే రెండు అండాశయాలూ తీసేస్తే ఎముకలు గుల్లబారే ప్రమాదం, గుండెజబ్బుల ప్రమాదం పెరుగుతాయని వైద్యశాస్త్రానికి బాగా తెలుసు. అది రోగికి చెప్పడానికి మాటే లేనప్పుడు, చెప్పకపోవడం నేరమని ఎవరికీ అనిపించదు.

దంతవైద్యం సంగతి చూడండి. నోట్లో ఉన్న ప్రతి పంటికీ ఒక నంబరుంది. కింది దవడలో ఎడమవైపు జ్ఞానదంతం 38, కుడివైపుది 48. జ్ఞానదంతం కూడా ‘పనికిరాని’దనే పేరు పడ్డదే. అయినా పీకేముందు ఎక్స్‌రే తీసి, ఇదిగో ఇది అడ్డంగా మొలిచింది అని అద్దంలో చూపిస్తారు. ఏ పన్ను పీకారో కాగితం మీద నంబరుతో సహా రాస్తారు. తప్పు పన్ను పీకితే ఊరుకునేవాళ్ళెవరూ ఉండరు. ఒక పంటికి ఇచ్చే పాటి గుర్తింపు రెండు అండాశయాలకు లేకపోయింది.

చట్టం లేదా అంటే ఉంది. ఒక రోగ నిర్ధారణ పరీక్ష కోసం మత్తిచ్చి, మత్తులో ఉండగా తల్లి చేత సంతకం పెట్టించుకుని, ఒక అవివాహిత స్త్రీ గర్భాశయం, అండాశయాలు తీసేసిన కేసులో సుప్రీంకోర్టు 2008 జనవరిలో తీర్పిచ్చింది. స్పృహ వచ్చాక అడగగలిగిన వయోజనురాలి బదులు మరొకరు ఇచ్చే సమ్మతి చెల్లదంది. ఒక పనికి ఇచ్చిన సమ్మతి ఇంకో పనికి పనికిరాదంది. చికిత్స స్వభావం, ప్రయోజనం, ప్రత్యామ్నాయాలు, ప్రమాదాలు, చేయించుకోకపోతే ఏమవుతుందన్నది తెలియజేశాకే అది సమ్మతి అవుతుందంది. అవసరం లేని గర్భాశయ ఆపరేషన్ల మీద వేసిన వ్యాజ్యంలో 2023 ఏప్రిల్‌లో అదే కోర్టు, కేంద్రం తయారుచేసిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలుచేయమని రాష్ట్రాలను ఆదేశించింది. తీర్పులు బాగానే ఉన్నాయి. కానీ ‘తెలియజేయడం’ ఏ భాషలో? ‘బైలేటరల్ సాల్పింగో ఊఫరెక్టమీ’ అని అచ్చువేసిన కాగితం కింద వేలిముద్ర వేస్తే తెలియజేసినట్టేనా?

ఇక్కడ కొందరు మిత్రులు తెలుగులో వైద్య పదజాలం తయారుచేస్తే సరిపోతుందంటారు. తయారుచేశారు కదా. 1961లో కేంద్రం శాస్త్ర సాంకేతిక పారిభాషిక పదాల కమిషన్‌ను పెట్టింది. 1968లో తెలుగు అకాడమీ వచ్చింది. పదకోశాలు అచ్చయ్యాయి. వాటి పక్కన కూర్చున్న నాకు తోచిందేమిటంటే, ఆ మాటలు రోగి కోసం కట్టినవి కావు, ఇంగ్లీషు మాటకు ఎదురుగా సంస్కృతం మాటను నిలబెట్టి పరువు దక్కించుకోవడానికి కట్టినవి. ఋతుస్రావం, ఆర్తవం, జరాయువు, భగాంకురం. మా అమ్మకు ఇంగ్లీషు ఎంత దూరమో ఇవీ అంతే దూరం. రెండు కంచెల్లో ఏది ఎత్తుగా ఉందని వాదించుకోవడం వల్ల కంచె అవతల ఉన్నవాళ్ళకు ఒరిగేదేమీ లేదు.

పోనీ ఇంగ్లీషు, లాటిను మాటలు నిష్పాక్షికమైనవా అంటే అదీ లేదు. స్త్రీ బాహ్య జననాంగాలకు శరీరశాస్త్రం శతాబ్దాలపాటు వాడిన ‘పుడెండమ్’ అనే లాటిన్ మాటకు సిగ్గుపడాల్సినది అని అర్థం. అంతర్జాతీయ శరీరశాస్త్ర పదావళి ఆ పేరును స్త్రీ అవయవాల నుంచి తొలగించింది 2019లో. గర్భాశయానికి గ్రీకు మాట ‘హిస్టెరా’ నుంచే హిస్టీరియా వచ్చింది, హిస్టెరెక్టమీ వచ్చింది. స్త్రీ ఏడ్చినా గర్భాశయమే కారణం, తీసేసేదీ దాన్నే. ముందే తెరుచుకునే గర్భాశయ ముఖద్వారాన్ని ‘ఇన్‌కాంపిటెంట్’ అంటారు, చేతకానిది అని. ముట్టును వైద్య పాఠ్యపుస్తకాలు ఒక విఫలమైన ఉత్పత్తిలా వర్ణిస్తాయని మానవశాస్త్రవేత్త ఎమిలీ మార్టిన్ 1987లోనే చూపించింది. క్లిటోరిస్ అసలు ఎంత ఉంటుందో ఆస్ట్రేలియా సర్జన్ హెలెన్ ఓకానెల్ కోసి, కొలిచి ప్రచురించేసరికి 1998 వచ్చింది. చంద్రుడి మీద కాలుపెట్టిన దాదాపు ముప్ఫై ఏళ్ళకు!

మరి మనకు మాటలు లేవా? ఉన్నాయి. నెల తప్పింది, నీళ్ళోసుకుంది, చూలాలు, నొప్పులు, ఉమ్మనీరు, మాయ, బొడ్డుతాడు, పురుడు, బాలింత, ముట్లుడగడం. వీటిలో ప్రతి మాటా స్పష్టమైన నిర్వచనం ఉన్న మాటే. ఉమ్మనీరు అంటే ఏ నీరో, మాయ పడడం అంటే కాన్పులో ఏ ఘట్టమో ఏ తెలుగు స్త్రీకీ వివరించక్కర్లేదు. ఈ మాటల్ని నిలబెట్టింది పండితులు కాదు, మంత్రసానులు. చాలాచోట్ల మంగలి, చాకలి, దళిత స్త్రీలు. పదకోశాల సంఘాల్లో వాళ్ళకు కుర్చీ ఎప్పుడూ లేదు. వాళ్ళ చేతి పని ఆసుపత్రికి పోయింది, వాళ్ళ నోటి మాట నిఘంటువులో ‘గ్రామ్యం’ అయింది. కాన్పుకు ఇంత సమృద్ధిగా మాటలుండి, స్త్రీ కోరికకూ, అండాశయానికీ మాటలు లేకపోవడం కూడా యాదృచ్ఛికం కాదు. కుటుంబానికి ఏది కావాలో దానికే భాష పెరిగింది.

అందుకే పాత మాటలన్నీ నెత్తిన పెట్టుకుందామని నేను అనను. మైల, అంటు, బయట చేరడం కూడా మన మాటలే. గొడ్రాలు కూడా మన మాటే. గొడ్డుమోతు పశువుకిచ్చిన పేరు స్త్రీకి ఇచ్చాం, పురుషుడికి దానికి సమానమైన మాట పుట్టనే లేదు. ఏడాదిపాటు ప్రయత్నించినా గర్భం రాకపోవడాన్ని స్త్రీ లేదా పురుషుడి పునరుత్పత్తి వ్యవస్థకు సంబంధించిన జబ్బుగా ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్వచించింది. ఇటీవల వాడుకలోకొచ్చిన ‘సంతానలేమి’ ఆ నిర్వచనానికి దగ్గరి మాట. ఇద్దరికీ వర్తిస్తుంది, తిట్టు కాదు. అంటే మాట మార్చుకోవడం మనకు చేతనవుతుంది.

మార్చుకోకపోతే ఏమవుతుందో కూడా చూస్తూనే ఉన్నాం. 1971 చట్టం పెట్టిన షరతులకు లోబడి అర్హులైన డాక్టరు చేసే గర్భస్రావం చట్టబద్ధం. వయోజన స్త్రీకి తన సమ్మతి ఒక్కటి చాలు, భర్త సంతకం అక్కర్లేదు. లింగనిర్ధారణను నిషేధించిన 1994 చట్టం వేరు. కానీ ఈ రెండింటినీ ‘భ్రూణహత్య’ అన్న ఒక్క మాట మింగేసింది. ఆడపిండాన్ని వెతికి తీసే నేరానికి పెట్టిన పేరు, తన అవసరానికి ఆసుపత్రికి వచ్చిన ప్రతి స్త్రీ నుదుటా పడుతోంది. ఆ పేరును ప్రచారం చేసినవాళ్ళలో సదుద్దేశంతో రాసిన మన కవులూ ఉన్నారు.

ఇంకొకటి. అత్యాచార బాధితులకు రెండు వేళ్ళ పరీక్ష చేయడం దుష్ప్రవర్తన అవుతుందని 2022 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా 2024 ఆగస్టులో జాతీయ వైద్య కమిషన్ విడుదల చేసిన ఎం.బి.బి.ఎస్. పాఠ్యప్రణాళికలో కన్యాత్వాన్ని నిర్వచించడం, కన్నెపొర రకాలు, దాని న్యాయవైద్య ప్రాముఖ్యం మళ్ళీ ప్రత్యక్షమయ్యాయి. నిరసనలు వచ్చాక సెప్టెంబరులో ఆ ప్రణాళికను వెనక్కి తీసుకున్నారు. కన్యాత్వం శరీరంలో కనిపించే విషయం కాదు, సమాజం కట్టిన కథ. దాన్ని నిర్వచించమని పరీక్షలో ప్రశ్న అడిగితే, రేపు ఆ విద్యార్థి డాక్టరై కోర్టుకిచ్చే నివేదికలో జవాబు రాస్తాడు. నిర్వచనం పుస్తకంలో పడుకుని ఉండదు.

‘రోజుకు వందమంది రోగులు, ఇవన్నీ చెబుతూ కూర్చుంటే ఎలా’ అని డాక్టర్లు అంటారు. ప్రభుత్వాసుపత్రిలో నిజంగా నలిగిపోయే డాక్టరు అంటే వింటాను. ఆపరేషన్‌కి ఇంత అని లెక్కకట్టి తీసుకునే చోట ఆ మాట చెల్లదు. ‘మాటలతో ఏమవుతుంది, అసలు కారణం పేదరికం, వైద్యం వ్యాపారం కావడం’ అని వామపక్ష మిత్రులు అంటారు. కారణం అదే. మహారాష్ట్ర బీడ్ జిల్లాలో చెరకు కోత కూలీ స్త్రీలు ముట్టు రోజుల్లో కూలీ పోతుందని గర్భసంచులు తీయించుకున్న సంగతి 2019లో దేశమంతా చదివింది. కానీ ఆ వ్యాపారం కత్తితో మొదలు కాదు, ఒక వాక్యంతో మొదలవుతుంది. ‘ఉంచుకుని ఏం చేస్తావమ్మా’ అన్న వాక్యం అది. ఆ వాక్యానికి ఎదురు అడగడానికి ఆమెకు మాటలు కావాలి.

ఈ పని మనకు కొత్త కాదు. బోస్టన్ స్త్రీలు 1970ల్లో ‘అవర్ బాడీస్, అవర్‌సెల్వ్స్’ తెచ్చారు. హైదరాబాదులో స్త్రీవాదులు, డాక్టర్లు కలిసి ‘సవాలక్ష సందేహాలు’ తెచ్చారు. శరీరం గురించి రాయడం మన కవయిత్రులు ఎప్పుడో మొదలుపెట్టారు, అశ్లీలమన్న తిట్లు కూడా తిన్నారు. కానీ కవిత్వంలో గెలుచుకున్న శరీరాన్ని ఆసుపత్రి కాగితం మీద వదిలేశాం. పదకోశాలను సైన్సువాళ్ళ పని అనీ, సమ్మతి పత్రాలను లాయర్ల పని అనీ పక్కన పెట్టాం.

నేను కోరేవి ఇవి. తెలుగు రాష్ట్రాల్లో ప్రతి ఆసుపత్రిలో సమ్మతి పత్రం తెలుగులో ఉండాలి. సంస్కృతంలో కాదు, మా అమ్మకు అర్థమయ్యే తెలుగులో. ఏ అవయవం తీస్తారో బొమ్మ మీద గుర్తుపెట్టి చూపించాలి. ‘గర్భసంచి’, ‘అండాశయాలు’ వేరువేరు గడులుగా ఉండాలి, ఒక్కోదానికి ఆమె వేరుగా సంతకం చేయాలి. తీయకపోతే ఏమవుతుంది, తీస్తే ఏమవుతుంది, ఇంకేం దారులున్నాయి అన్న మూడు ప్రశ్నలకు జవాబు ఆ కాగితం మీదే ఉండాలి. వైద్య పదకోశాలు మళ్ళీ రాస్తే నర్సులు, ఆశా కార్యకర్తలు, పాత మంత్రసానులు, ఆపరేషన్ చేయించుకున్న స్త్రీలు ఆ బల్ల చుట్టూ ఉండాలి. తెలుగు శాఖల్లో పరిశోధనకు అంశాలు దొరకడం లేదని వాపోయే గైడ్లు ఒక విద్యార్థిని జిల్లా ఆసుపత్రి ఓ.పి.కి పంపి చూడాలి.

గర్భసంచికి బదులు ఏ మాట వాడాలని మీరు అడగవచ్చు. ఆ మాట నా గదిలో కూర్చుని తయారుచేస్తే ఇంకో పదకోశం అవుతుంది. బహుశా ‘సంచి’నే ఉంచుకుని నిర్వచనం మార్చుకోవలసి వస్తుందేమో. అది నా ఒంట్లో భాగం, పిల్లలున్నా లేకపోయినా, ఇక వద్దనుకున్నా. ఉంచాలో తీయాలో చెప్పాల్సింది నేను. ఆ నిర్వచనం ముందు పుస్తకంలోకి ఎక్కాలి.